మీకు తెలుసా? తుపాకుల ఆటలో గెలిపించేది మాట

రావులపాలెంలో నలుగురు కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని “ఎడం పక్క బిల్డింగు, మేడ మీద ఒకడు”, “నాక్ అయ్యాన్రా, లేపండి” అని కేకలేస్తున్నారంటే బీజీఎంఐ (పబ్జీ మొబైల్‌కి మన దేశపు రూపం) స్క్వాడ్ మ్యాచ్, అంటే నలుగురి జట్ల పోటీ, నడుస్తోందన్నమాట. మామూలు మ్యాచ్‌లో దెబ్బతిని కూలినవాడు వెంటనే అవుటైపోడు, తోటివాడు వచ్చి లేపొచ్చు. లేపడానికి ఒక్కరూ మిగలకపోతే మాత్రం జట్టు మొత్తం అవుట్. అందుకే గురి తప్పనివాడికన్నా, చూసింది చూసినట్టు సమయానికి చెప్పేవాడే స్క్వాడ్‌కి ఎక్కువ అవసరం.

ఈ తరహా పోటీ ఆటలకు దారి వేసిన కౌంటర్ స్ట్రైక్‌ని 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు హాఫ్ లైఫ్ అనే ఆట మీద సరదాగా కట్టారు. పోటీల్లో జట్టుకు అయిదుగురు. చనిపోయినవాడు, చెడుగుడులో అవుటైనవాడిలాగే, పక్కన కూర్చుని చూడాలి. ఆ రౌండ్‌లో మళ్లీ రాలేడు గనక ప్రతి అడుగుకీ విలువ ఉంటుంది. ఒక పక్షం బాంబు పెట్టాక అది పేలడానికి 40 సెకన్లు. నాకు అన్నిటికన్నా నచ్చేది అందులోని డబ్బు లెక్క. రౌండ్ గెలిస్తే తుపాకులు కొనుక్కోవడానికి ఆట డబ్బు వస్తుంది. ఓడినవాళ్లకీ వస్తుంది. వరసగా ఓడేకొద్దీ ఆ సాయం పెరిగి తలకి 3,400 డాలర్ల దాకా వెళ్తుంది. కాబట్టి మూడు రౌండ్లు పోయినా పోటీ చచ్చిపోదు. ఇప్పటి కౌంటర్ స్ట్రైక్ 2లో 12 రౌండ్లయ్యాక జట్లు పక్షాలు మార్చుకుంటాయి, ముందు 13 గెలిచినవాళ్లది మ్యాచ్.

సమ ఉజ్జీలు దొరక్కపోతే ఈ ఆటలో మజా లేదు. ఆ జోడీలు కుదిర్చే లెక్కకు మూలం చదరంగం. ఆర్పాడ్ ఈలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడి రేటింగ్ పద్ధతిని ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో తీసుకుంది. మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2600 దాటిందన్నది ఆ కొలతలోనే. జట్టు ఆటల్లో ఒక్కొక్కరి సత్తా విడిగా అంచనా కట్టడానికి మైక్రోసాఫ్ట్ ట్రూస్కిల్ అనే మరో పద్ధతి తయారుచేసుకుంది.

ఇక దూరం లెక్క. ఇలాంటిదే మరో ఆట వాలరంట్‌కి సర్వర్లు ముంబయిలో ఉన్నాయి. రావులపాలెం నుంచి నేరుగా గీత గీస్తే ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, సంకేతం వెళ్లి రావడానికి కనీసం 10 మిల్లీసెకన్లు. తీగ వంకరలూ, దారిలో మజిలీలూ కలిసి అసలు పింగ్ (ఆ వెళ్లిరాక సమయం) అంతకన్నా బాగా ఎక్కువే.

ఆటలో చెవులూ ముఖ్యమే. శత్రువు అడుగుల చప్పుడు ఎటునుంచో మెదడు పసిగట్టేది, చాలావరకు, రెండు చెవులకూ అది చేరే సమయంలో వచ్చే తేడాని బట్టి. ఆ తేడా మహా అయితే సెకనులో పదిహేను వందో వంతు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పబ్జీ మొబైల్‌కి పతకాలిచ్చారు. అక్కడ మనుషుల్ని కాల్చడం లేదు, గురిబొమ్మల్నే కొట్టాలి.

2025 చట్టంతో మన దేశంలో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలు నిషిద్ధం, ఈ-స్పోర్ట్స్‌కి గుర్తింపు ఉంది. పందెం అడిగే యాప్‌ని ఫోన్లో ఉంచకండి.

అమ్మానాన్నలకు ఒక్క మాట. ఈ ఆటలకు మధ్యలో ఆపే మీట లేదు, ఒకడు లేచిపోతే మిగతా జట్టంతా నష్టపోతుంది. “ఇప్పుడే ఆపు” అనేకంటే “ఈ మ్యాచ్ అవగానే లే” అనండి. మీ పిల్లలు ఆ మాట మీద నిలబడాలని గట్టిగానే అడగండి.