పాత బ్యాంకు వద్ద క్రొత్త పరపతి

పరపతి యనుమాట తెలుగువారికి క్రొత్తది కాదు. గ్రామములోని కిరాణా వర్తకుడు ఒక కుటుంబమునకు ఏడాది పొడవునా సరుకులు అరువిచ్చి, పంట చేతికి వచ్చినపుడు బాకీ వసూలు చేసికొనెడివాడు. ఎవరికి ఎంతవరకు అరువీయవచ్చునో అతనికి తన పద్దుపుస్తకములోని పాతపుటలే చెప్పెడివి. నిరుడు మాట నిలుపుకొన్నవానికి ఈ యేడు మరికొంత. తప్పినవానికి కొంత తక్కువ. నేడు మనము వాడుచున్న క్రెడిట్ కార్డు ఆ పద్దుపుస్తకమునకు వారసురాలే. వ్రాయువాడు మారెను; పద్ధతి మారలేదు.

ఈ కార్డుల చరిత్రలో మనవారికిని పాలు కలదు. 1923లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, దేశములో ఈ మార్గము త్రొక్కిన తొలి బ్యాంకులలో ఒకటిగా నిలిచెను. 2020 ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. నాడు కొద్దిమందికే లభించిన కార్డు నేడు చిన్న పట్టణములలోని ఉద్యోగుల చేతులలోనికిని వచ్చినది. అయినను చాలమంది, కార్డు చేతికి వచ్చిననాడు బ్యాంకువారు వ్రాసియిచ్చిన పరిమితిని, రుసుమును, షరతులను మార్పులేని శాసనములుగా భావించుచున్నారు. అడగనిదే అమ్మయినను పెట్టదని మన సామెత. పాత ఖాతాదారుడు తన బ్యాంకును ఏమి అడుగవచ్చును, ఎప్పుడు అడుగవలెను, ఎంతవరకు అడుగుట క్షేమకరము అను మూడు విషయములను ఇప్పుడు విచారింతము.

మొదట బ్యాంకు మనలను చూచు తీరు తెలియవలెను. పరిమితి పెంచునపుడు బ్యాంకువారు ముఖ్యముగా మూడింటిని పరిశీలింతురు. గడువు తప్పక చెల్లించితిమా యన్నది మొదటిది. మన ఆదాయమెంత యన్నది రెండవది. ఇతరత్ర మనకున్న అప్పులెన్ని యన్నది మూడవది. మొదటి, మూడవ విషయములను తెలిసికొనుటకు వారు పరపతి సమాచార సంస్థలను ఆశ్రయింతురు. 2005 నాటి చట్టము ననుసరించి మన దేశములో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు ఈ పని చేయుచున్నవి. ఇంటి అప్పు, బంగారముపై అప్పు, కార్డు బాకీ మున్నగు వివరములు బ్యాంకులనుండి వీరికి చేరును. ఆ వివరములనుండి 300 మొదలు 900 వరకు ఒక అంకె కట్టబడును. దానినే స్కోరు అందురు. అంకె పెరిగినకొలది మనపై నమ్మకము పెరిగినదని అర్థము.

ఈ నివేదికను ప్రతి సంస్థయు సంవత్సరమున కొకసారి ఉచితముగా మనకీయవలెను. బ్యాంకును అడుగబోవుటకు ముందు దీనిని తెప్పించి చూచుట మొదటి పని. మన నివేదికను మనము చూచుకొన్నంతమాత్రమున స్కోరు తగ్గదు. ఎన్నడో తీర్చివేసిన అప్పు ఇంకను బాకీగా కనిపించుట, ఒకరి పద్దు మరియొకరి పేర చేరుట వంటి పొరపాట్లు ఇందులో దొర్లుట కలదు. అట్టిది కనబడినచో వెంటనే ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో దానిని పరిష్కరింపని యెడల, ఆలస్యమైన ప్రతి దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఈయవలెనని రిజర్వు బ్యాంకు నియమము విధించినది. ఇది 2024 ఏప్రిల్‌నుండి అమలులో ఉన్నది. పద్దు తప్పుగా ఉండగా పరిమితి అడుగుట, దస్తావేజు సరిచూడక భూమి బేరమాడుట వంటిది.

పరిమితికిని వాడుకకును గల నిష్పత్తి స్కోరుపై ప్రభావము చూపును. ఒక ఉపాధ్యాయుని కార్డు పరిమితి 60,000 రూపాయలనుకొందము. ఆయన నెలకు 45,000 రూపాయలు కార్డుపై వాడి, గడువులోపల అంతయు చెల్లించుచున్నాడు. ఇందులో దోషమేమియు లేదు. కాని పరిమితిలో నూటికి 75 వంతులు వాడుచున్నట్లు నివేదిక చెప్పును. ఇతనికి చేతిలో సొమ్ము ఆడుట లేదేమో యని అప్పిచ్చువారు శంకింతురు. అదే పరిమితి 1,50,000 రూపాయలైనచో, ఆ వాడుకయే నూటికి 30 వంతులగును. ఖర్చు ఒక్క రూపాయియు మారలేదు, మనిషి మారలేదు, పద్దుపై పడు దృష్టి మాత్రము మారినది. పరిమితి పెంచుమని అడుగుటకు ఇంతకంటె మంచి కారణము లేదు. అయితే పరిమితితోపాటు ఖర్చును పెంచుకొన్నవానికి ఈ ప్రయోజనము దక్కదు.

ఇక అడుగు విధము. కార్డు తీసికొన్న మరునెలలోనే అడుగుట తొందరపాటు. కనీసము ఆరునెలలనుండి సంవత్సరము వరకు, ఒక్క గడువునైనను దాటక పూర్తి బాకీని చెల్లించిన చరిత్ర చేతిలో ఉండవలెను. జీతము పెరిగిన సమయము, పదవిలో ఉన్నతి కలిగిన సమయము, పాత అప్పు తీరిన సమయము అనుకూలమైనవి. కార్డు తీసికొన్ననాటి ఆదాయమే బ్యాంకు పుస్తకములలో నిలిచియుండుట సాధారణము. కావున క్రొత్త జీతపు చీటీలు, ఫారం 16, లేక ఆదాయపు పన్ను రిటర్ను జతపరచి, తన కింత పరిమితి కావలెనని, కారణ మిదియని, శాఖకు గాని కార్డు విభాగమునకు గాని వ్రాతపూర్వకముగా తెలుపుట మేలు. అడుగు మొత్తము ఆదాయమునకు తగినదై ఉండవలెను. జీతపు చీటీలు లేని చిన్న వ్యాపారులు, వృత్తిపనివారు తమ ఫిక్సెడ్ డిపాజిటును హామీగా చూపి, దానిపై కార్డు ఇచ్చు బ్యాంకులో పరపతి నిర్మించుకొనవచ్చును.

ఇదే సమయమున నాలుగైదు బ్యాంకులకు క్రొత్త కార్డుల కొరకు దరఖాస్తులు పెట్టరాదు. ప్రతి దరఖాస్తునకు ఆ బ్యాంకు మన నివేదికను తెప్పించును. ఆ విచారణలన్నియు నమోదగును. స్వల్పకాలములో పలు విచారణలు కనిపించినచో, ఇతడు అప్పుకై ఊరంతయు తిరుగుచున్నాడని అర్థము చేసికొందురు. పాత బ్యాంకునే అడుగుటలోని సౌలభ్యమిదియే. మన రాకపోకలు, మన జీతము, మన చెల్లింపులు అచటివారికి తెలిసియే ఉన్నవి.

పరిమితికంటె షరతులే కుటుంబమునకు ముఖ్యము. వార్షిక రుసుమును తీసికొందము. సంవత్సరములో ఇంత మొత్తము వాడినవారికి దానిని రద్దుచేయు ఏర్పాటు పలు కార్డులకు కలదు. అది లేనిచోటను, రుసుము పడు సమయమునకు ముందే, ఇన్నేండ్లుగా సక్రమముగా చెల్లించుచున్నాను, ఈ రుసుము తొలగింపవలెను, లేనిచో రుసుములేని కార్డునకు మార్పుడు అని కోరుటలో తప్పులేదు. నమ్మకమైన పాత ఖాతాదారుని పోగొట్టుకొనుట ఏ బ్యాంకునకును ఇష్టముండదు. బిల్లు తేదీ జీతపు తేదీకి అనుకూలముగా లేనిచో, దానిని మార్చుకొను అవకాశము కనీసము ఒకసారియైనను ఈయవలెనని నియమము కలదు. ఈ చిన్న మార్పుతోనే ఆలస్యపు రుసుముల బాధ తప్పిన ఇండ్లు ఉన్నవి.

వడ్డీ విషయము బరువైనది. కార్డు బాకీపై నూటికి 30 రూపాయలకు మించి సాలుసరి వడ్డీ తీసికొనరాదని 2008లో జాతీయ వినియోగదారుల వివాద పరిష్కార కమీషను తీర్పు చెప్పెను. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20వ తేదీన కొట్టివేసినది. కావున ఆ తీర్పును చూపి వడ్డీని ప్రశ్నించుటకు వీలులేదు. నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీయన్నచో స్వల్పముగా తోచును. సంవత్సరమునకు అది 42 అగును.

లెక్క వేసి చూతము. 50,000 రూపాయల బాకీ నిలిచినది. ఈ రేటున నెల వడ్డీ 1,750 రూపాయలు. ఆ వడ్డీపై నూటికి 18 చొప్పున జీఎస్టీ 315 రూపాయలు. మొత్తము 2,065. కనీస చెల్లింపు నూటికి 5 అయినచో, మనము కట్టునది 2,500 రూపాయలు. అందులో అసలునకు చేరునది 435 రూపాయలే. కనీస మొత్తము కట్టితిమి గదా యని నిశ్చింతగా ఉన్నవాని అసలు దాదాపు కదలక అట్లే ఉండును. పైగా పాతబాకీలో కొంత మిగిలియున్నంతకాలము, క్రొత్తగా కొన్నవానికి వడ్డీలేని గడువు వర్తింపదు. కొన్ననాటినుండియే వడ్డీ పడును. కార్డుతో నగదు తీసికొన్నచో సాధారణముగా మొదటినాటినుండియే వడ్డీ తప్పదు.

ఇట్టి బాకీలో చిక్కినవాడు బ్యాంకును అడుగవలసినది పెద్ద పరిమితిని కాదు. ఆ బాకీని తక్కువ వడ్డీపై నెలవారీ వాయిదాలుగా మార్పుడని అడుగవలెను. అదే 50,000 రూపాయలను 12 వాయిదాలలో తీర్చుటకు సాలుకు 42 వడ్డీపై నెలకు సుమారు 5,174 రూపాయలు కట్టవలెను; మొత్తము వడ్డీ 12,000 దాటును. సాలుకు 16 వడ్డీపై వాయిదా సుమారు 4,537. మొత్తము వడ్డీ 4,450కి లోపలనే. పన్ను, మార్పిడి రుసుము వీనికి అదనము. అయినను ఏడువేలకు పైబడిన ఈ తేడా, ఒక పిల్లవాని చదువునకు అక్కరకు వచ్చు సొమ్ము. మార్పిడికి ఒప్పుకొనుటకు ముందు రేటెంత, రుసుమెంత, ముందుగా తీర్చినచో అపరాధమెంత యని మూడు ప్రశ్నలు వేసి, సమాధానములను వ్రాతలో పొందవలెను. గడువు దాటి, వసూలుదారులు వచ్చిన పిమ్మట అడుగుటకంటె, ఇబ్బంది కనుచూపుమేరలో ఉన్నపుడే అడిగినవాని మాటకు విలువ హెచ్చు.

ఖాతాదారునికి నియమములు కల్పించిన అండయు కలదు. రిజర్వు బ్యాంకు 2022లో ప్రకటించిన నియమముల ప్రకారము, మన స్పష్టమైన అంగీకారము లేక కార్డును పై తరగతికి మార్చుటకు గాని, పరిమితిని పెంచుటకు గాని వీలులేదు. పరిమితి తగ్గించినచో మనకు తెలియజేయవలెను. రుసుములు మార్చుటకు కనీసము ఒక నెల ముందుగా తెలుపవలెను. ఆ మార్పు నచ్చనివాడు బాకీ తీర్చి, అదనపు రుసుము లేకయే కార్డును వదలుకొనవచ్చును. బాకీ లేని కార్డును మూయుమని కోరినచో ఏడు పనిదినములలో మూయవలెను. లేనియెడల ఆలస్యమైన ప్రతి దినమునకు 500 రూపాయలు మనకు చెల్లింపవలెను. అయితే చాలకాలముగా నడచుచున్న కార్డును కోపముతో మూయుటకు ముందు ఒకసారి ఆలోచించుట మంచిది. దానితో మన మొత్తము పరిమితి తగ్గి, వాడుక నిష్పత్తి పెరుగును.

బ్యాంకు కాదన్నచో కారణ మడుగవలెను. ఆదాయము చాలదన్నచో ఒక దారి, నివేదికలో లోపమున్నదన్నచో మరియొక దారి. పరిమితి పెంచుటయా మానుటయా యన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయము. దానిపై అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు నిలువదు. కాని అంగీకారము లేక రుసుము వేసినను, మూయుమన్న కార్డును మూయకున్నను, మొదట బ్యాంకునకు ఫిర్యాదు చేసి, 30 దినములలో తగిన సమాధానము రానిచో, పైసా ఖర్చులేక అంబుడ్స్‌మన్ నాశ్రయింపవచ్చును.

ఒక హెచ్చరిక. మీ కార్డు పరిమితి పెంచెదము, మీకు వచ్చిన ఓటీపీ చెప్పుడని ఎవరైన ఫోను చేసినచో వాడు మోసగాడని గ్రహింపవలెను. ఏ బ్యాంకును అట్లడుగదు. పరిమితి పెంపు కోరదలచినవారు తామే బ్యాంకునకు వెళ్లవలెను. కార్డు వెనుక ముద్రించిన సంఖ్యకు తామే ఫోను చేయవలెను.

పరిమితి ఆదాయము కాదు. లక్షరూపాయల పరిమితి గలవాడు లక్షాధికారి కాడు. లక్షవరకు ఋణపడుటకు అనుమతి పొందినవాడు మాత్రమే. ఖర్చును అదుపుచేయలేనని ఎరిగినవాడు పరిమితిని తగ్గింపుమనియు కోరవచ్చును. అదియు అతని హక్కే. అగ్నిని, శత్రువును, ఋణమును కొంచెమైనను మిగిల్చరాదని పెద్దలనిరి. నెలనెలా శేషము లేకుండ తీర్చువానికి బ్యాంకే ఎదురువచ్చి పరపతి నిచ్చును. అట్టివాడు అడుగుటకు సంకోచింపనక్కరలేదు. ఇన్నేండ్ల ఆతని పద్దే ఆతని పక్షమున మాటలాడును.