కొంటా సీమలో పరామర్శ

శబరీ నదీతీరమున, ఆంధ్రదేశపు పొలిమేరను ఆనుకొనియున్న ఛత్తీస్‌గఢ్ పట్టణము కొంటాలో సంతబేరమునకు తెలుగు చాలును. అక్కడి దొర్లవారి పలుకులోను తెలుగు పాలు హెచ్చు. ఇంత చేరువ సీమయైనను, గడచిన ఇరువది యేండ్లలో అచట జరిగిన హత్యాకాండలు మనకు పత్రికలలోని సంఖ్యలుగానే అందినవి. చితులారిన పిదప పాలకులేమి చేసిరి, పల్లెజనమేమైరి అని విచారించినవారు తక్కువ.

2005లో బీజాపూరు ప్రాంతమున తలయెత్తిన సల్వాజుడుం, మావోయిస్టులను ఎదిరించు ప్రజోద్యమమని ప్రభుత్వముచే కీర్తింపబడుచునే, ఊళ్ళకు ఊళ్ళను పాడుపెట్టి జనమును రహదారి ప్రక్క శిబిరములకు తోలెను. సుక్మా త్రోవలోని ఎర్రబోరు శిబిరముపై 2006 జులైలో ఒక రాత్రి మావోయిస్టులు విరుచుకుపడి, గుడిసెలకు నిప్పంటించి, పసికందులతో సహా 30 మందికి పైగా చంపిరి. ఇంత ఘోరము జరిగినను ప్రభుత్వము శిబిరముల విధానమును పునరాలోచింపలేదు. ఆ మృతులనే తన వాదమునకు సాక్ష్యముగా నిలిపెను.

2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది జవానులు హతులైనప్పుడు కేంద్ర హోంమంత్రి చిదంబరము బాధ్యత వహించి రాజీనామాకు సిద్ధపడెను. ప్రధాని మన్మోహన్ సింగు అంగీకరింపలేదు. మన రాజకీయములలో అంతమాత్రమును అరుదే. కాని మరుసటి యేడు మార్చిలో అదే తాడ్‌మెట్లతోపాటు మోర్‌పల్లి, తిమ్మాపురములలో ఇండ్లు దగ్ధమైనప్పుడు, బాధితులకు సాయము గొనిపోవుచున్న సామాజిక కార్యకర్త స్వామి అగ్నివేశ్ బృందమునకు దోర్నపాల్‌లో లభించినవి దెబ్బలు. ఆ గృహదహనము విషయమున ప్రత్యేక పోలీసులపై సి.బి.ఐ. 2016లో అభియోగము మోపగా, సహాయక పోలీసులు యూనిఫారములు ధరించియే, న్యాయమడిగిన వారి దిష్టిబొమ్మలను బస్తరు వీథులలో తగులబెట్టిరి. పరామర్శకు ఇదియు నొక రూపమనుకొనవలెను కాబోలు!

న్యాయమడిగినవారిలో సమాజశాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహలతోపాటు మన తెలుగు విశ్రాంత అధికారి ఇ.ఎ.ఎస్. శర్మయు, కొంటా సీమకే చెందిన కమ్యూనిస్టు నాయకుడు కర్తం జోగాయు గలరు. నెలకు 3000 రూపాయల భృతికి, చదువు చాలని గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా చేర్చుకొని, వారి చేతికి తుపాకులిచ్చి పోరున ముందు నిలుపుట రాజ్యాంగవిరుద్ధమని, సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శనరెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల ధర్మాసనము 2011 జులై 5న తీర్పు చెప్పెను. ప్రభుత్వమో, వెనువెంటనే క్రొత్త చట్టము చేసి వారినే సహాయక సాయుధ పోలీసులుగా మార్చుకొనెను. ఆ తీర్పుకు మునుపే, 2010లో, జోగాను తాడ్‌మెట్ల దాడి కేసులోనే చెరసాలలో పెట్టిరి. 2013లో న్యాయస్థానము ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టెను.

ఈ పద్ధతి మరింత విస్తరించినది బుర్కాపాల్‌లో. 2017 ఏప్రిల్ 24న అచట 25 మంది జవానులు మరణింపగా, చుట్టుపట్ల పల్లెలవారిని పట్టి చెరబెట్టిరి. విచారణలో నేరము రుజువు కాక 121 మంది ఆదివాసులు 2022 జులైలో నిర్దోషులుగా తేలిరి. వారి అయిదేండ్ల సేద్యమునకు, చెదరిన సంసారములకు ఏ మంత్రియు సంతాపము తెలిపినట్లు కానరాదు. జవానుల శవపేటికలపై పుష్పగుచ్ఛములుంచుట ఎంత ధర్మమో ఇదియు నంత ధర్మమే గదా.

పల్లెల ప్రతిస్పందన మాత్రము నినాదములలో గాక నడకలో కన్పట్టును. వేలాది కుటుంబములు అడవిదారుల వెంట చింతూరు, చర్ల, భద్రాచలము వైపు తరలివచ్చి, గుత్తికోయలన్న పేరుతో మన మన్యమున పోడు కొట్టుకొని బ్రదుకుచున్నవి. అచటను కథ మారలేదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలమున గుత్తికోయలతో పోడు తగవులో ఒక అటవీ అధికారి హత్యకు గురియయ్యెను. ప్రభుత్వము ఆయన కుటుంబమునకు 50 లక్షల రూపాయలు ప్రకటించి, అధికార లాంఛనములతో అంత్యక్రియలు జరిపించెను. మంత్రులు పాడె మోసిరి. ఆ దుఃఖము సత్యము, ఆ గౌరవము ఉచితము. న్యాయస్థానము మరుసటి యేడు ఇద్దరు హంతకులకు యావజ్జీవ శిక్ష విధించెను. కాని ఆ మండలములోని బెండాలపాడు గ్రామసభ అంతవరకు ఆగలేదు: హత్య జరిగిన కొలది దినములకే, తన పరిధిలోని గుత్తికోయలనందరిని ఛత్తీస్‌గఢ్‌కు వెళ్ళగొట్టవలెనని తీర్మానము చేసెను.