తల్లివేరును కదపొద్దు: గింజ నుంచి బోరేజ్

స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంతంలో లేత బోరేజ్ ఆకుల్ని పిండిలో ముంచి, నూనెలో వేయించి, పైన పంచదార చల్లి తింటారు. పేరు క్రెస్పియోస్. మన వామాకు బజ్జీకి తీపి చుట్టం అనుకోవచ్చు. అక్కడే దీని కాడల మీది నూగు గీరేసి, బంగాళాదుంపలతో ఉడికించి, ఆలివ్ నూనె పోసుకుంటారు. ఇటలీలోని లిగూరియాలో ఈ ఆకును మిగతా ఆకుకూరలతో కలిపి పాన్‌సోటి అనే పాస్తాలో కూరుతారు. మధ్యధరా తీరాల్లో బీడు భూముల్లోనూ దారి పక్కనా తనంతట తానే మొలిచే మొక్క ఇది. ఒళ్లంతా గరుకు నూగు, నీలి నక్షత్రాల్లాంటి పూలు. ఆకు నలిపి వాసన చూస్తే అచ్చం దోసకాయే.

ఇంత మొండి మొక్క కుండీలో ఎందుకు గిడసబారిపోతుందని చాలామంది అడుగుతారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: నారు పోసి నాటడం. బోరేజ్ మొలకెత్తగానే తల్లివేరును నిటారుగా కిందికి దించుతుంది. చిన్న ట్రేలో ఆ వేరు అడుగు తగిలి వంకర తిరుగుతుంది. పీకి నాటేటప్పుడు తెగితే మొక్క మళ్లీ తేరుకోవడం కష్టం. అందుకే టమాటాలా కాక ముల్లంగిలా చూడాలి. ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి.

కనీసం 30 సెంటీమీటర్ల లోతున్న కుండీ తీసుకోండి. అడుగున నీరు పోయే రంధ్రాలుండాలి. గింజ నల్లగా, ఇంచుమించు మినపగింజంత ఉంటుంది. చీకట్లో బాగా మొలుస్తుంది కాబట్టి సెంటీమీటరు లోతున మూడు గింజలు వేసి మట్టి కప్పండి. తడి ఆరనివ్వకపోతే వారం నుంచి రెండు వారాల్లో గుండ్రటి మొలకాకులు పైకొస్తాయి. బలమైన మొలకను ఉంచి, మిగతావాటిని కత్తెరతో మొదట్లో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది. ఎరువు ఎక్కువేస్తే ఆకు గుబురెక్కుతుంది, పూత తగ్గుతుంది. మొక్క రెండు మూడు అడుగులు ఎదుగుతుంది. కాడ బోలుగా ఉంటుంది కనుక గాలికి వాలకుండా ఒక పుల్ల ఊతంగా పెట్టాలి.

మధ్యధరా తీరాన శీతకాలం తడిగా, వేసవి పొడిగా ఉంటుంది. మొక్క ఆ శీతకాలపు చల్లదనానికి అలవాటు పడింది. కాబట్టి మన దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తడం మేలు. మంచు పడే దేశాల్లో ఉన్న తెలుగువాళ్లు మంచు పోయాక వసంతంలో విత్తుకోవాలి.

దాదాపు రెండు నెలలకు మొగ్గలొస్తాయి. గులాబి రంగు మొగ్గ విచ్చుకుంటూ నీలంగా మారుతుంది. పువ్వు నడుమ నల్లటి మొన ఉంటుంది. దాన్ని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే, నూగు తొడిమె కొమ్మకే ఉండిపోయి, అయిదు రేకల నక్షత్రం చేతికొస్తుంది. సలాడ్‌లో వేసుకోవచ్చు, మజ్జిగ మీద తేలేసుకోవచ్చు. నిమ్మరసం తగిలితే శంఖపుష్పంలాగే దీని నీలమూ ఎరుపు వైపు మళ్లుతుంది.

జాగ్రత్తలు రెండున్నాయి. ఆకులో కాలేయానికి హాని చేయగల పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కొద్దిగా ఉంటాయి. కాబట్టి రుచికి అప్పుడప్పుడు తినాలే గాని రోజూ కూరగా వండుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ జబ్బున్నవారు అసలు తినకపోవడమే మంచిది. రెండోది, తెలియని చోట కోసుకురావద్దు. ఇటలీలో మాండ్రేక్ అనే విషపు మొక్క ఆకును బోరేజ్ అనుకుని తిని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. నమ్మకమైన గింజతో ఇంట్లో పెంచుకుంటే ఆ భయం ఉండదు.

పూలన్నీ కోసేయకండి. కొన్ని తేనెటీగలకు వదలండి. ఒక్కో పువ్వులో నాలుగు దాకా గింజలు కడతాయి, నల్లబడగానే రాలిపోతాయి. ఏరుకోగా మిగిలినవి మరుసటి చలికాలం అదే కుండీలో వాటంతటవే మొలుస్తాయి. ఎవరూ పీకి నాటని ఆ మొక్కలు ఎంత బలంగా లేస్తాయో చూస్తే, ఈ మొక్కకు ఏం కావాలో మీకు మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.