అమ్మ భుజం నొప్పిలోంచి పుట్టిన మిషన్

మా మక్తల్ పోతే అందరూ అడిగేది ఒక్కటే, 'సాఫ్ట్‌వేర్‌లో పైసలెంత?' అని. పైసల్లేకుంటే ఎవరూ ఏదీ కనిపెట్టరని నేనూ అనుకున్న. చింతకింది మల్లేశం గురించి చదివాక డౌటొచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది. ఆరో తరగతిలోనే చదువు ఆగింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే వాళ్లమ్మ చెయ్యి రోజుకు వేలసార్లు తిరగాలి. భుజం పట్టేసేది. 1992లో మొదలెట్టిన ఆసు మిషన్ 1999లో పూర్తయింది. ఏడేండ్లు! నా టాస్క్ రెండు వారాలు దాటితే మేనేజర్ ఊరుకోడు. హైదరాబాద్‌లో కరెంటు పని చేసి, ఆ కూలితోనే మిషన్ పని ముందుకు నడిపిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

అట్లని పైసలకు పాత్రే లేదనను. మిగతా నేతన్నలు ఆ మిషన్ కొన్నది వాళ్లమ్మ మీద ప్రేమతో కాదు, గంటల పని గంటన్నరకు దిగుతదని, ఇంకో చీర ఎక్కువ నేయొచ్చని.