పాత లారీలో చల్లగాలి - కొంచెం భౌతికశాస్త్రం

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దినవాళ్ళు ఒకప్పుడు రాష్ట్రమంతటా ఉండేవారు. అలాంటి పలకలను మోసుకెళ్ళే లారీ క్యాబిన్‌లో మే నెల మధ్యాహ్నం కూర్చున్నవాళ్ళు మాత్రం కొద్దిమందే. గిద్దలూరు దాటి, నల్లమల ఘాటెక్కి నంద్యాల వెళ్ళే డ్రైవరుకు నెత్తిన రేకు కాలుతుంది, పక్కన ఇంజను కాగుతుంది, ఎదుటి అద్దంలోంచి ఎండ కొడుతుంది. ఒంట్లో నీరు తగ్గి రెప్పలు బరువెక్కే వేళకే మలుపులొస్తాయి. కాబట్టి లారీకి ఏ.సి. షోకు కాదు, బ్రేకు లాంటి అవసరం.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నుల స్థూల బరువు మించిన సరుకు వాహనాల క్యాబిన్‌కు ఏ.సి. ఉండాలని కేంద్రం 2023 డిసెంబరులో నిబంధన తెచ్చింది. మరి పాత లారీల మాటేమిటి? వాటి సంగతి యజమానే చూసుకోవాలి.

అసలు ఏ.సి. చలిని పుట్టించదు. లోపలి వేడిని బయటికి మోస్తుంది, అంతే! మట్టికుండ చెమర్చి నీళ్ళు చల్లబడటం మనం చూసిందే. ఆవిరయ్యే నీరు కుండలోని వేడిని పట్టుకుపోతుంది. ఇక్కడ నీటికి బదులు మరో ద్రవం. అది ఎవాపరేటరులో ఆవిరై క్యాబిన్ వేడిని పీలుస్తుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది. సైకిలు పంపు కొడితే అడుగున చెయ్యి కాలదూ? అలాగే. ఆ వేడిని కండెన్సరు బయటి గాలికి వదిలితే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని దారి దాటగానే పీడనం పడిపోయి చల్లబడి, మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ సూత్రం తెలిస్తే మరమ్మతు వరుస కూడా తెలుస్తుంది. చిల్లికుండలో నీళ్ళు పోసి లాభం లేదు గదా! ముందు వేడి లోపలికి రాకుండా చూడాలి. ఇంజను మూత కింద మంటకు తట్టుకునే ఉష్ణనిరోధక పొర, తలుపులకు కొత్త రబ్బరు బీడింగు, పెడళ్ళ దగ్గర కంతలకు మూతలు, పైకప్పుకు తెల్లరంగు, లోపల అస్తరు వెయ్యాలి. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. తెల్లరంగు అందులో చాలాభాగాన్ని తిప్పికొడుతుంది.

రెండోది కండెన్సరు. రాతి దుమ్ము రేకుల మధ్య పేరుకుంటే గాలి ఆడదు, వేడి పోదు. రేకులు వంగకుండా మెల్లగా కడగాలి. లారీ నిలబడినప్పుడు చల్లదనం తగ్గితే కరెంటు ఫ్యాను తోడివ్వాలి. అయితే ఆల్టర్నేటరు ఆ భారం మొయ్యగలదో లేదో ముందే చూసుకోవాలి. బెల్టు జారుతున్నదేమో కూడా చూడాలి.

మూడోది గ్యాసు. ఏటా వేసవిలో గ్యాసు కొట్టించాల్సి వస్తే ఎక్కడో లీకున్నట్టే లెక్క. లీకు మూసి, డ్రయ్యరు మార్చి, వాక్యూం పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేశాకే నింపాలి. తేమ మిగిలితే వాల్వులో మంచుగడ్డై దారి మూస్తుంది. ‘ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన’ అనుకోవడం భ్రమ. పీడనం పెరిగి కంప్రెసరుకే చేటు. పాతరకం ఆర్-12 ఓజోను పొరకు హాని చేసేది. ఆర్-134ఎ ఆ హాని చెయ్యకపోయినా, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. కనుక దాన్ని గాలిలోకి వదలడం తప్పు.

థర్మోడైనమిక్స్ పరీక్షతో అయిపోయే పాఠం కాదు, మిత్రులారా. ఘాటెక్కే డ్రైవరన్న రెప్ప వాలకుండా కాపాడినప్పుడే ఆ చదువుకు సార్థకత.