ఒకే కంప్యూటరులో అనేక కూర్పులు

ఇండ్లను, వంతెనలను, యంత్రభాగములను చేతితో గీసెడి కాలము దాదాపు గడచిపోయినది. డ్రాయింగు బోర్డు, టీ-స్క్వేరు ఉండెడి బల్లమీద నేడు కంప్యూటరు ఉన్నది. దానిలో గీయుటకు వాడు ప్రోగ్రాములలో మన పాలిటెక్నిక్, ఇంజనీరింగు విద్యార్థులకు బాగుగ పరిచయమైనది ఆటోకాడ్. ఇది 1982 డిసెంబరులో మొదట వెలువడినది. చాలకాలముగా దీనికి ఏటేట ఒక కొత్త కూర్పు, అనగా వెర్షన్, వచ్చుచున్నది.

పాఠ్యపుస్తకమునకు కొత్త ముద్రణ వచ్చినచో పాతదానిని అటక ఎక్కింతుము. డిజైన్ సాఫ్ట్‌వేరు విషయములో అట్లు చేయుట కుదరదు. ఒక వంతెన పని నాలుగైదు సంవత్సరములు సాగును. పని మొదలైననాడు ఏ కూర్పులో గీయవలెనని ఒప్పందమైనదో చివరివరకు అందులోనే గీయవలసి యుండును. అదే కార్యాలయమునకు ఈ సంవత్సరము వచ్చిన మరియొక పని కొత్త కూర్పును కోరవచ్చును. కాబట్టి ఒకే కంప్యూటరులో రెండు మూడు కూర్పులను ఉంచుకొనుట అవసరమగుచున్నది. ఇది సాధ్యమేనా? సాధ్యమే. అయితే చిక్కు మనము ఊహించుచోట కాక వేరొకచోట ఉన్నది.

ముందు ప్రోగ్రాముల సంగతి చూతము. వేరుపడిన అన్నదమ్ములు ఒకే ఇంటిలో వేరువేరు పొయ్యిలు పెట్టుకొని కాపురము చేయుట మనము ఎరిగినదే. ఆటోకాడ్ కూర్పులు విండోస్‌లో ఇంచుమించు అట్లే ఉండును. 2020 కూర్పునకు ఒక ఫోల్డరు, 2024 కూర్పునకు వేరొక ఫోల్డరు. విండోస్ తన లెక్కలు వ్రాసికొను రిజిస్ట్రీ అను చిట్టాలో కూడ వీటికి వేరువేరు పద్దులు ఉన్నవి. 2020 కూర్పు పద్దు పేరు ఆర్23.1, 2024 కూర్పుది ఆర్24.3. ఒకదానిలో మెనూలు మార్చుకొన్నను రెండవది చెక్కుచెదరదు.

పొయ్యిలు వేరైనను పెరటిలోని నుయ్యి ఒక్కటే గదా! కంప్యూటరులో అట్టి నుయ్యి డి.ఎల్.ఎల్. అనబడు ఉమ్మడి ఫైళ్ల సముదాయము. అనేక ప్రోగ్రాములకు కావలసిన పనులను ఇవి చేసిపెట్టును. విండోస్ 95, 98 నాళ్లలో వీటిలో చాలభాగము ఒకే సిస్టమ్ ఫోల్డరులో ఉండెడివి. క్రొత్తగా వచ్చిన ప్రోగ్రాము తనకు కావలసిన డి.ఎల్.ఎల్.ను అదే పేరుగల పాతదానిపై వ్రాసివేసెడిది. మరునాడు పాత ప్రోగ్రాము తెరుచుకొనెడిది కాదు. ఆ రోజులలో పనిచేసినవారు దీనిని 'డి.ఎల్.ఎల్. నరకము' అని పిలిచిరి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఒకే డి.ఎల్.ఎల్. యొక్క వేరువేరు కూర్పులను పక్కపక్కన దాచి, ఏ ప్రోగ్రాము అడిగినది దానికి ఇచ్చు ఏర్పాటు చేసినది. నేడు కూర్పులు కలహింపక కలిసి ఉండుటకు ఇది ముఖ్య కారణము.

అయినను కొంత ఉమ్మడి మిగిలియే యున్నది. లైసెన్సు సరిచూచు సేవ ఉమ్మడిది. డ్రాయింగు ఫైలుపై రెండుసార్లు నొక్కినపుడు ఏ కూర్పు తెరుచుకొనవలెనో నిర్ణయించు ఏర్పాటు కూడ ఒక్కటే. అందుచేతనే ముందు పాత కూర్పును, పిదప కొత్త కూర్పును ఎక్కింపవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. కొత్తది తనకు ముందున్నదానిని గుర్తించును. పాతది తన తరువాత పుట్టినదానిని ఎట్లు గుర్తింపగలదు?

చాలమందికి ఒక అపోహ కలదు. రెండు మూడు కూర్పులను ఎక్కించినచో కంప్యూటరు మందగించునని భయపడుదురు. తెరవక ఊరకున్న కూర్పు ముఖ్యముగా డిస్కులో చోటును మాత్రమే ఆక్రమించును. ఆటోకాడ్ 2024 కూర్పు అందుకు 10 గిగాబైట్లు అడుగును. రెంటిని ఒకేసారి తెరచి పనిచేసినపుడు మాత్రము మెమరీపై బరువు పడును. ఆ కూర్పు ఒక్కదానికే కనీసము 8 గిగాబైట్ల మెమరీ కావలెను.

ఇక అసలు చిక్కు. అది ప్రోగ్రాములో లేదు, అది గీసిన ఫైలులో ఉన్నది. పాఠకులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఒక డి.డబ్ల్యు.జి. ఫైలునకు నకలు తీసి, ఆ నకలును నోట్‌ప్యాడ్‌లో తెరువుడు. తెరనిండ అర్థములేని గుర్తులు కనబడును. కాని మొట్టమొదటి ఆరు అక్షరములు స్పష్టముగా చదువవచ్చును. ఏసీ1032 అని ఉన్నచో అది 2018 నాటి ఫార్మాటు. ఏసీ1027 అయినచో 2013 నాటిది. ఏసీ1024 అయినచో 2010 నాటిది. చూచిన పిదప సేవ్ చేయక మూసివేయవలెను.

ప్రోగ్రాము ఏటేట మారినను ఫార్మాటు ఏటేట మారదు. 2013 నాటి ఫార్మాటునే 2017 కూర్పువరకు వాడిరి. 2018 మొదలు 2025 వరకు వచ్చిన కూర్పులన్నియు ఒకే ఫార్మాటులో వ్రాయును. కాబట్టి 2025 కూర్పులో గీసిన బొమ్మ 2018 కూర్పులో తెరుచుకొనును, 2017 కూర్పులో తెరుచుకొనదు. ఇంటిలో కొత్త కూర్పుతో గీసి కళాశాల ప్రయోగశాలకు తెచ్చిన విద్యార్థికి ఎదురగు ఇబ్బంది తరచుగ ఇదియే. కొత్త కూర్పులోనే 'సేవ్ యాజ్' ద్వారా పాత ఫార్మాటును ఎంచి దాచినచో ఆ ఇబ్బంది తీరును.

అయితే తెరుచుకొన్నంత మాత్రమున అంతయు వచ్చినట్లు కాదు. 2006 కూర్పులో డైనమిక్ బ్లాకు అను సౌకర్యము వచ్చినది. తలుపు బొమ్మను ఒకసారి గీసి, దాని అంచు పట్టి లాగి మూడడుగులదిగా, నాలుగడుగులదిగా మార్చుకొనవచ్చును. 2004, 2005, 2006 కూర్పుల ఫార్మాటు ఒక్కటే. అయినను ఆ తలుపు 2005 కూర్పులో మామూలు బొమ్మగా కనబడునేగాని, లాగిన సాగదు.

ఆటోకాడ్‌కు వెనుకకు పోవు దారి కొంతయైనను ఉన్నది. భవన నిర్మాణమునకు వాడు రెవిట్‌లో అదియు లేదు. ఈ సాఫ్ట్‌వేరును ఆటోకాడ్ తయారీదారైన ఆటోడెస్క్ సంస్థ 2002లో కొన్నది. పాత రెవిట్ ఫైలును కొత్త కూర్పులో తెరచినచో అది కొత్త రూపమునకు మారును. ఆ మార్పుతో సేవ్ చేసినచో పాత కూర్పు ఇక దానిని తెరువలేదు. పాత ఫార్మాటులో దాచు ఆజ్ఞయే అందులో లేదు. ఒక ఆసుపత్రి భవనమును స్తంభముల ఇంజనీరు, విద్యుత్తు ఇంజనీరు, నీటిగొట్టముల ఇంజనీరు కలసి ఒకే నమూనాలో పనిచేయుచున్నారనుకొందము. వారిలో ఒకరు తెలియక కొత్త కూర్పులో తెరచి సేవ్ చేసినచో తక్కినవారి చేతులు కట్టివేసినట్లే. నిన్నటి నకలు ఉన్నచో ఒకరోజు పని పోవును. లేనిచో అందరును కొత్త కూర్పునకు మారవలెను. ఒకే కంప్యూటరులో అనేక రెవిట్ కూర్పులను ఉంచుకొనుట ఇందుకే. ఏ పనికి ఏ కూర్పో ఫోల్డరు పేరులోనే వ్రాసి పెట్టవలెను. ఫైలుపై నొక్కి తెరువక, ముందు తగిన కూర్పును తెరచి, దాని లోపలినుండి ఫైలును పిలుచుట క్షేమము. ఆటోకాడ్‌లో కూడ ఇదే పద్ధతి మంచిది, ఏలయన డి.డబ్ల్యు.జి. ఫైలుపై నొక్కినపుడు సాధారణముగా చివర వాడిన కూర్పే తెరుచుకొనును.

పాత కూర్పును ఉంచుకొనుటకు మరియొక కారణము అనుబంధ ప్రోగ్రాములు. ఉక్కు చువ్వల లెక్క కట్టుటకో, రోడ్డు మట్టి పరిమాణము తేల్చుటకో కార్యాలయములు ఇట్టివానిని వ్రాయించుకొనును. ఆటోలిస్ప్ భాషలో వ్రాసినవి సాధారణముగా అన్ని కూర్పులలో నడచును. డాట్‌నెట్ అనుదానిపై కట్టినవాని గతి వేరు. 2021 నుండి 2024 వరకు ఉన్న కూర్పులు ఆర్24 అను ఒకే కుటుంబములోనివి. 2025 కూర్పు డాట్‌నెట్ 8కు మారినది. కుటుంబము మారగానే అనుబంధమును మరల సిద్ధము చేయవలెను. వ్రాసిన మనిషి ఉద్యోగము మారిపోయియుండును. మూలప్రతి ఎక్కడ ఉన్నదో ఎవరికిని తెలియదు. అప్పుడు 2024 కూర్పును తీసివేయక ఉంచుకొనుటకంటె మార్గము లేదు.

మరీ పాత కూర్పులైనచో నేటి విండోస్‌లో అసలు ఎక్కకపోవచ్చును. అప్పుడు కంప్యూటరు లోపల మరియొక కంప్యూటరును కల్పించు ఉపాయము కలదు. దీనిని వర్చువల్ మెషీన్ అందురు. ఈ ఆలోచన కొత్తది కాదు, ఐ.బి.ఎం. సంస్థ 1960 దశకములోనే దీనిని ఆచరణలో పెట్టినది. వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాముతో విండోస్ 7ను లోపల నడపి, అందులో పాత ఆటోకాడ్‌ను ఉంచవచ్చును. త్రిపరిమాణ చిత్రములు తిరుగుటలో కొంత నెమ్మది తప్పదు. విండోస్ 7కు సాధారణ భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయినవి గనుక, ఆ లోపలి యంత్రమునకు ఇంటర్నెట్ ఇవ్వకుండుట మేలు. అయితే లైసెన్సును ఇంటర్నెట్ ద్వారా సరిచూచుకొను కూర్పునకు ఈ పద్ధతి పనికిరాదు. పాత కూర్పులను వాడు హక్కు తమ లైసెన్సులో ఎంతవరకు ఉన్నదో కూడ ముందే చదువుకొనవలెను.