గ్రావిటీ అంకె తేడా వస్తే: అపోహలు – వాస్తవాలు

బీరుకు ముడిద్రవం మాల్ట్ కషాయం. తయారీదారులు దాన్ని వర్ట్ అంటారు. అందులో చక్కెర ఎంత కరిగి ఉందో తెలిపే కొలత గ్రావిటీ, అంటే నీటితో పోల్చి చూసిన సాంద్రత. నీరు 1.000 అయితే సాధారణ వర్ట్ 1.045–1.050 దగ్గర మొదలవుతుంది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేకొద్దీ అది 1.010 దాకా దిగుతుంది. రెండు అంకెల తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం తెలుస్తుంది. 1.048 నుంచి 1.010కి దిగితే సుమారు 5 శాతం. గ్రావిటీని కొలిచే తేలే గాజు గొట్టం, అంటే హైడ్రోమీటర్, అనుకోని అంకె చూపితే నింద ఎక్కువగా ఈస్ట్ మీదో మాల్ట్ మీదో పడుతుంది. చాలాసార్లు తప్పు కొలిచిన తీరులోనే ఉంటుంది.

అపోహ: అమ్మకానికి కాకుండా సొంతానికి చేసుకుంటే ఇంటి బీరుకు అడ్డు లేదు.

అమెరికాలో 1978 నాటి ఫెడరల్ చట్టం పరిమితులకు లోబడి దీన్ని అనుమతించింది కాబట్టి అక్కడి తెలుగువారికి ఇది వారాంతపు సరదా. తెలంగాణలో మాత్రం 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం మద్యం తయారీకి లైసెన్స్ ఉండాలి. హైదరాబాద్ తార్నాకలోని అద్దెగదిలో బకెట్ నిండా వర్ట్ పులియబెట్టడం నేరమే. ఉస్మానియా క్యాంపస్‌లో మైక్రోబయాలజీ, టెక్నాలజీ చదివేవారికి హైడ్రోమీటర్‌తో పని పడేది ప్రయోగశాలలో. అక్కడి చక్కెర ద్రావణమైనా, నీరా అయినా, నగరంలోని మైక్రోబ్రూవరీ ట్యాంకైనా కొలత సూత్రం మాత్రం మారదు.

అపోహ: హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి రీడింగ్ మారుతుంది.

నగరం సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న మాట నిజం. దానివల్ల నీరు 100 డిగ్రీలకు కాస్త ముందే మరుగుతుంది, అంతే. ఎత్తును బట్టి భూమి ఆకర్షణ కూడా సూక్ష్మంగా మారుతుంది, అలాంటి తేడాలను కొలిచే పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ తార్నాక పక్కనే 1961 నుంచి ఉంది. ఆ తేడాలు హైడ్రోమీటర్‌కు పట్టవు. ఆకర్షణ మారితే గాజు గొట్టం బరువూ, దాన్ని పైకి నెట్టే ద్రవం బలమూ ఒకే నిష్పత్తిలో మారతాయి. గొట్టం మునిగే లోతు మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: గది వేడికి ఉన్న ద్రవాన్ని సవరణ లేకుండా కొలవవచ్చు.

ఇక్కడ దొర్లే పొరపాట్లలో ఎక్కువ భాగం దీనివల్లే. బీరు హైడ్రోమీటర్లు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేసినవి, పాతవి కొన్ని 15.6కు. ఆ అంకె గొట్టంలోని కాగితం మీదే అచ్చయి ఉంటుంది, చదివేవారే తక్కువ. మే నెలలో ఏసీ లేని గదిలో నమూనా 35 డిగ్రీలు ఉంటే అసలు 1.048 ఉన్నది 1.044గా కనిపిస్తుంది. అంటే 0.004 కలపాలి, 30 డిగ్రీల దగ్గరైతే 0.003 చాలు. సవరించకపోతే ఆల్కహాల్ లెక్కలో అర శాతం తగ్గుతుంది. మొదటి రీడింగూ చివరిదీ ఒకే వేడిలో తీస్తే తప్పు రెండువైపులా సమానమై ఆల్కహాల్ లెక్క దాదాపు సరిపోతుంది. తంటా అంతా ఒకటి ఎండలో, ఇంకోటి ఫ్రిజ్‌లోంచి తీసి కొలిచినప్పుడే. పొయ్యి మీంచి దించిన కషాయానికి మాత్రం పట్టికలను నమ్ముకోకూడదు, చల్లార్చి కొలవాలి.

చేతికందిందని పాల లాక్టోమీటర్‌ను ముంచడమూ సరికాదు. మన దేశ ప్రమాణం ప్రకారం చేసినవి 27 డిగ్రీలకు సరిచేసి ఉంటాయి, పైగా వాటి స్కేలు పాలకు సరిపడేంతే. 1.050 వర్ట్‌లో వేస్తే గీతలన్నీ పైకి తేలతాయి.

పరికరం మీదే అనుమానముంటే పరీక్ష సులువు. 20 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో అది 1.000 చూపాలి. 100 గ్రాముల పంచదారను కరిగించి మొత్తం సరిగ్గా ఒక లీటరు చేస్తే 1.038 చూపాలి. రెండుచోట్లా ఒకే తేడా వస్తే లోపలి కాగితం జారిందన్నమాట. ఆ తేడాను గుర్తుపెట్టుకుని పని సాగించవచ్చు.

అపోహ: బోరు నీళ్ల ఉప్పదనమే గ్రావిటీని పెంచేసింది.

లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు కూడా 0.001 తేడా తేదు. ఆ నీటితో రుచి పాడవవచ్చు, కొలత పాడవదు.

అపోహ: మొదటి రీడింగ్ తక్కువ వచ్చిందంటే మాల్ట్ నాసిరకం.

గింజలను నానబెట్టి కషాయం తీసినప్పుడైతే ఆ అనుమానానికి చోటుంది. మరీ బరకగా ఆడిస్తే చక్కెర పూర్తిగా దిగదు. మాల్ట్ పొడి కలిపినప్పుడు మాత్రం లెక్క దాదాపు ఖాయం: 2 కిలోల పొడి, నీళ్లతో కలిపి 20 లీటర్లయితే 1.037 దగ్గర రావాలి. 1.025 వచ్చిందంటే చక్కెర ఎక్కడికీ పోలేదు, అడుగున ఉంది. చిక్కటి కషాయం మీద చల్లటి నీళ్లు పోస్తే పైన పల్చగా, కింద చిక్కగా పొరలు ఏర్పడతాయి. అందుకే పైనుంచి గరిటెతో తీసిన నమూనా తక్కువ, అడుగు కుళాయి నుంచి పట్టినది ఎక్కువ చూపుతాయి. బాగా కలిపి మళ్లీ కొలిస్తే సరి.

అపోహ: బుడగలు ఆగితే పులియడం పూర్తయినట్టే.

మూత సరిగ్గా బిగియకపోయినా బుడగలు రావు. పని పూర్తయ్యాక కూడా గది వేడెక్కితే కరిగిన వాయువు బయటికొస్తూ బుడగలు కనిపిస్తాయి. రెండు మూడు రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకటే అయితే అప్పుడు ఆగినట్టు. ఆ నమూనాలోని వాయువును ముందు పోగొట్టాలి. కొలజాడీలో గొట్టానికి అంటుకున్న బుడగలు దాన్ని పైకి లేపి అంకెను పెంచుతాయి. గొట్టాన్ని వేళ్లతో గిర్రున తిప్పి వదిలితే అవి రాలిపోతాయి. కన్ను ద్రవం మట్టానికి దించి, గాజు అంచున పైకి పాకిన వంపును వదిలేసి, అసలు మట్టం దగ్గరి గీతను చదవాలి.

అపోహ: 1.020 దగ్గర ఆగిందంటే ఈస్ట్ చచ్చింది.

ముందు ఏ పరికరంతో కొలిచారో చూడాలి. కాంతి వంగే తీరును బట్టి కొలిచే రిఫ్రాక్టోమీటర్ చక్కెర ద్రావణానికి చేసినది, ఆల్కహాల్ కలిస్తే దాని లెక్క తప్పుతుంది. 12 బ్రిక్స్ (బరువులో చక్కెర శాతం) దగ్గర మొదలైన బీరు 6 బ్రిక్స్ చూపితే నేరుగా 1.024 అనిపిస్తుంది, అసలు గ్రావిటీ 1.011 దగ్గర ఉంటుంది. హైడ్రోమీటర్ కూడా 1.020 అంటేనే బీరులో కారణం వెతకాలి. మాల్ట్‌ను 70 డిగ్రీల దగ్గర నానబెడితే ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్‌లు ఎక్కువ మిగులుతాయి. లాక్టోజ్ కలిపినా అంతే. అలాంటప్పుడు మరో ప్యాకెట్ ఈస్ట్ వేసినా ఫలితం ఉండదు. డిసెంబరు చలికి మందగించిన ఈస్ట్ మాత్రం వెచ్చని చోట పెడితే మళ్లీ కదులుతుంది.

అపోహ: 1.000 కంటే కిందికి పోదు.

ఆల్కహాల్ నీటికంటే తేలిక, దాని సాంద్రత 0.789. చక్కెర అంతా పులిసిపోయే ద్రాక్ష వైన్ 0.995కి దిగడం మామూలే. బీరు అలా దిగితే, ప్రత్యేకంగా ఎంజైమ్ కలపనప్పుడు, డెక్స్‌ట్రిన్‌లను కూడా తినే అడవి ఈస్ట్ చేరి ఉండవచ్చు. అది సీసాల్లో కూడా తిండి వెతుక్కుంటూనే ఉంటుంది, వాయువు పెరిగి గాజు పగులుతుంది.